పెద్దాయన పక్కన కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చోవచ్చా?

పోయిన నెల ఈ పేజీలో ఐర్లండ్ పడమటి తీరాన ఉన్న క్లేర్ కౌంటీ గురించి, అక్కడ మిల్‌టౌన్ మాల్‌బే అనే చిన్న ఊళ్ళో ప్రతి జూలై మొదట్లో జరిగే విల్లీ క్లాన్సీ సమ్మర్ స్కూల్ అనే ఐరిష్ సంప్రదాయ సంగీత వేడుక గురించి నాలుగు ముక్కలు రాశా. ఆ వారం రోజులూ ఎనభై ఏళ్ళ ఫిడిల్ తాతగార్లు పబ్బులో మన పక్క టేబుల్ దగ్గరే కూర్చుని టీ తాగుతుంటారని మాటల్లో అనేశా, అంతే, ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఆ ఒక్క వాక్యం మీదే.

ప్రశ్న: నేను విజయవాడలో చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నా, ఇప్పుడు లిమరిక్ లో ఉద్యోగం. ఇక్కడికొచ్చాక ఒక పెద్ద ఫిడిల్ ప్లేయర్ రికార్డింగులకి పిచ్చిగా అలవాటు పడ్డా, ఆఫీసుకెళ్ళే బస్సులో రోజూ ఆయనే. ఆయనకి ఎనభై దాటాయి, జూలైలో మిల్‌టౌన్ వస్తారట. ఎలా పలకరించాలి, కాళ్ళకి దండం పెట్టొచ్చా, ఏం అడగాలి, నా వయొలిన్ తీసుకెళ్ళాలా? తలుచుకుంటేనే చేతులు చల్లబడుతున్నాయి. - ఒక పాఠకుడు, లిమరిక్

జవాబు: ముందు కాళ్ళ సంగతి. వద్దు బాబూ. మీ మనసులో ఉన్న భక్తి నాకు అర్థమైంది, కానీ ఆయన ఒళ్ళో ఫిడిల్, చేతిలో బో, కాళ్ళ దగ్గర ఎవరిదో గ్లాసు, మీరు సడన్ గా వంగితే ఆయన మీకేదో కింద పడిపోయిందనుకుని ఆయన కూడా వంగి వెతకడం మొదలెడతారు. షేక్ హ్యాండ్ ఇవ్వండి, చాలు. ఇంకోటి, అక్కడ అందరూ అందర్నీ పేరు పెట్టే పిలుస్తారు, పదేళ్ళ పిల్ల కూడా ఎనభై ఏళ్ళాయన్ని పేరుతోనే పిలుస్తుంది, మనకి నోరు రాదు నిజమే, వెనకాల ఏదో ఒకటి తగిలించాలని నాలుక లాగుతుంటుంది. సర్ అనకండి, ఆయన ఇబ్బంది పడతారు.

మీరు లెజెండ్, మీకు వీరాభిమానిని, మీ వల్లే నా జీవితం మారింది, ఇలాంటివి మాత్రం ఆయన ముందు అనొద్దు. అవి అబద్ధమని కాదు, ఆ తరం వాళ్ళకి మొహం మీద పొగిడితే ఏం చెయ్యాలో తెలీదు, నేల చూస్తారు, వర్షం గురించి మాట్లాడతారు, మీ సంభాషణ అక్కడితో క్లోజ్. పొగడాలనిపిస్తే ట్యూన్ ని పొగడండి. ఇప్పుడు వాయించిన ఆ రెండో ట్యూన్ చాలా బాగుంది అన్నారనుకోండి, మొహం వెలుగుతుంది, ఎందుకంటే ఆయన దృష్టిలో ట్యూన్ ఆయన సొత్తు కాదు, ఎవరి దగ్గర్నుంచో వచ్చింది, దాన్ని పొగిడితే ఆ ఇచ్చినవాళ్ళని పొగిడినట్టు.

అక్కడే మీకు తలుపు తెరుచుకుంటుంది. ఇది మీకు ఎవరి దగ్గర్నుంచి వచ్చింది అని అడగండి. మిగతా ఏ ప్రశ్న మర్చిపోయినా పర్లేదు ఇది మర్చిపోకండి. పక్క ఊళ్ళో ఒక ముసలాయన ఉండేవాడు అని మొదలెట్టి, ఆయన ఇల్లెక్కడ, ఆయన గాడిద పేరేంటి, ఆ ట్యూన్ ని ఆయన రెండో భాగంలో ఎలా తిప్పేవాడు, ఆయన తమ్ముడు అమెరికా ఎలా వెళ్ళాడు, ఇలా అరగంట పోతుంది, మధ్యలో ఫిడిల్ తీసి వాయించి చూపిస్తారు కూడా. మన సంగీతంలో మీ గురువుగారెవరు అని అడగడం మర్యాద కదా, అదే మర్యాద ఇక్కడా పనిచేస్తుంది, దండం పనిచెయ్యకపోయినా.

మీకు ఏ ఇన్‌స్పిరేషన్, రోజుకెన్ని గంటలు ప్రాక్టీసు, ఇలాంటి టీవీ ప్రశ్నలు వద్దు. ప్రాక్టీసు అనే మాటకే కొంతమంది నవ్వుతారు, రాత్రి పనంతా అయ్యాక వంటింట్లో వాయించుకునేవాళ్ళు వాళ్ళు. అడిగితే వాళ్ళ చిన్నతనం గురించి అడగండి. 1935 లో ఐర్లండ్ లో పబ్లిక్ డాన్స్ హాల్స్ చట్టం వచ్చింది, డాన్సు పెట్టాలంటే లైసెన్సు కావాలన్నారు, అది ఇళ్ళల్లో పెట్టుకునే డాన్సుల కోసం రాసింది కాకపోయినా చర్చి ఫాదర్లూ పోలీసులూ దాన్ని అడ్డం పెట్టుకుని పల్లెల్లో వంటింటి డాన్సులు ఆపించారు. క్లేర్ లోనే మల్లా దగ్గర ఉండే జూనియర్ క్రిహన్ అనే గొప్ప ఫిడిల్ ప్లేయర్ (1908-1998) జీవితాంతం ఆ బాధ చెప్పుకుంటూనే ఉన్నాడు. మీ పెద్దాయన ఆ తర్వాత పుట్టినవాడు, అంటే మిగిలిన కొన్ని ఇళ్ళ డాన్సులు పిల్లాడిగా చూసి ఉండొచ్చు, లేదా వాళ్ళమ్మ నోట విని ఉండొచ్చు. అలాగే 1950ల్లో, 60ల్లో ఆ ఊళ్ళ కుర్రాళ్ళు గుంపులు గుంపులుగా లండన్ వెళ్ళి బిల్డింగ్ పనుల్లో చేరారు, పగలు సిమెంటు, రాత్రి కేమ్‌డెన్ టౌన్, కెంటిష్ టౌన్ పబ్బుల్లో సంగీతం. పబ్బులో గుండ్రంగా కూర్చుని వాయించే సెషన్ ఇవ్వాళ ఇంత పాతదిలా కనిపిస్తుంది గానీ అది బాగా ఊపందుకుంది ఆ వలస కాలంలోనే. ఊరొదిలి వచ్చి లిమరిక్ లో బస్సెక్కే మీకు ఆ కబుర్లు నాకంటే బాగా ఎక్కుతాయి.

ఎప్పుడు పలకరించాలంటే, వాయించేటప్పుడు కాదు, ఇది చెప్పక్కర్లేదనుకుంటాం కానీ ప్రతి ఏడూ ఎవరో ఒకరు ట్యూన్ మధ్యలో వెళ్ళి భుజం తడతారు. రెండు మూడు ట్యూన్లు కలిపి ఒక సెట్ గా వాయిస్తారు, ఒక్కోటి రెండుసార్లో మూడుసార్లో తిరుగుతుంది, అది అయ్యాక కాసేపు గ్యాప్, మాటలు, టీ. ఆ గ్యాప్ లో వెళ్ళండి. ఇంకా మంచి టైం పొద్దున. రాత్రి పదింటికి పబ్ కిక్కిరిసి ఉంటుంది, ఆయనకి సగం వినపడదు, పొద్దున్న క్లాసులు జరిగే చోట వరండాలోనో బయట గోడ దగ్గరో దొరికితే తీరిగ్గా మాట్లాడతారు. ఏం మొదలెట్టాలో తోచకపోతే హర్లింగ్ (కర్రా బంతీ పెట్టి ఆడే ఐరిష్ ఆట) ఉంది కదా, క్లేర్ 2024 లో ఆల్ ఐర్లండ్ గెలిచింది, ఆ మాట ఎత్తితే చాలు, ఇంక మీరు ఊ కొడితే సరిపోతుంది.

కుర్చీ సంగతి మీరు అడగలేదు కానీ చెప్పాలి. సెషన్ లో ఆయన పక్క కుర్చీ ఖాళీగా కనిపిస్తే అది ఖాళీ కాదు. ఆయనతో నలభై ఏళ్ళుగా వాయిస్తున్న ఫ్లూట్ ఆయనో కాన్సర్టీనా (రెండు చేతుల మధ్య పట్టి నొక్కే చిన్న హార్మోనియం లాంటిది) ఆవిడో తొమ్మిదిన్నరకి వస్తారు, అది వాళ్ళది, ఎవరూ బోర్డు పెట్టరు అంతే. మీరు రెండో వరసలో కూర్చోండి, రమ్మంటే వెళ్ళండి, నిజంగానే రమ్మంటారు చాలాసార్లు.

వయొలిన్ తీసుకెళ్ళండి, కానీ పెట్టె మూసే ఉంచండి. పెట్టె చూడగానే నువ్వూ వాయిస్తావా అని ఆయనే అడుగుతారు. అప్పుడు తెరవండి. మన వయొలిన్ స ప స ప కదా, వాళ్ళది జి డి ఎ ఇ, వాళ్ళతో కలిసి వాయించే ఉద్దేశం ఉంటే ముందే శ్రుతి మార్చుకుని వెళ్ళండి, పబ్బులో ఆ గోలలో బిరడాలు తిప్పుతూ కూర్చోవద్దు. ఒక్కరే వాయించమంటే మాత్రం వచ్చీరాని రీల్ (వేగంగా పరిగెత్తే ఐరిష్ డాన్సు ట్యూన్) వాయించి పరీక్షకి కూర్చున్నట్టు ఫీలవ్వకండి, మీకు చేతిలో బాగా ఉన్న చిన్న త్యాగరాజ కీర్తన పల్లవి అనుపల్లవి వాయించండి. నా అభిప్రాయం ఇది, ఒప్పుకోనివాళ్ళు ఉంటారు, కానీ ఒక మనిషి తన ఊరి సంగీతం వాయిస్తుంటే వినడమే ఆ పెద్దవాళ్ళకి ఇష్టం, మన గమకం వినగానే ఆ వేలు ఏం చేసింది మళ్ళీ చెయ్యి అంటారు చూడండి, అప్పుడు మీ చేతులు ఎందుకు చల్లబడతాయి.

ప్రశ్న: నాకు రాగాలు తెలుసు, ఐరిష్ ట్యూన్లు పట్టుకోవడానికి పనికొస్తాయా? పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకునేటప్పుడు రాగం పేరు చెప్తే అర్థమవుతుందా? - డబ్లిన్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీకు పనికొస్తాయి, వాళ్ళకి చెప్తే అర్థం కాదు. చాలా ట్యూన్లు నాలుగు స్కేళ్ళలో తిరుగుతాయి, మేజర్ అంటే మన శంకరాభరణం, మిక్సోలిడియన్ అంటే హరికాంభోజి, డోరియన్ అంటే ఖరహరప్రియ, మామూలు మైనర్ నఠభైరవి. స్వరాల మట్టుకే సుమా, రాగలక్షణం అంతా వెతక్కండి. ఆ పెద్దవాళ్ళలో చాలామందికి డోరియన్ అనే మాట కూడా అక్కర్లేదు, ట్యూన్ తెలుసు అంతే. వాళ్ళ అలంకారాలకి మాత్రం పేర్లున్నాయి, కట్, రోల్, ఐరిష్ బ్యాగ్‌పైప్స్ మీద అయితే క్రాన్, అవి మన గమకాల్లాగా స్వరాన్ని ఊపవు, స్వరాన్ని టక్కున తుంచుతాయి, మనవాళ్ళకి మొదట అదే కష్టం, అలవాటు కొద్దీ ఊపేస్తాం.

ప్రశ్న: మీరు రాసేదాన్ని బట్టి ఈ ఐరిష్ సంగీతకారులు రైతులు, వడ్రంగులు. స్టేజీ విద్వాంసులు కూడా కాదు. మరి అంత గౌరవం దేనికి? తప్పుగా అనుకోకండి, నిజంగా తెలుసుకుందామనే. - హైదరాబాద్

జవాబు: తప్పేముంది, మంచి ప్రశ్న. ఆ స్కూల్ ఎవరి పేరు మీద ఉందో ఆయన కథే చెప్తా. విల్లీ క్లాన్సీ 1918 లో క్రిస్మస్ ముందురోజు పుట్టాడు, పుట్టింది మిల్‌టౌన్ దగ్గరే, వృత్తి వడ్రంగం, వాయించింది ఇలెన్ పైప్స్. ఇది స్కాట్లండ్ వాళ్ళలా నోటితో ఊదే బ్యాగ్‌పైప్ కాదు, కూర్చుని వాయించాలి, ఒక మోచేతి కింద కొలిమితిత్తి లాంటిది గాలి కొడుతుంది, రెండో చంకలో సంచి, వేళ్ళతో వాయించే గొట్టం రెండు స్థాయిలు పలుకుతుంది, డ్రోన్లు శ్రుతి పెట్టెలా మోగుతుంటాయి, అవి చాలవన్నట్టు మణికట్టుతో నొక్కితే కొన్ని స్వరాలు ఒకేసారి కలిసి పలికే మీటలు. ఒక మనిషికి ఉన్న అన్ని కీళ్ళకీ పని. 2017 లో యునెస్కో వాళ్ళు ఈ వాద్యాన్ని మానవజాతి వారసత్వం జాబితాలో పెట్టారు.

విల్లీ తండ్రి గిల్బర్ట్ ఫ్లూట్ వాయించేవాడు. ఆయన చిన్నప్పుడు ఆ చుట్టుపక్కల గ్యారెట్ బ్యారీ అని కళ్ళు లేని పైపర్ ఉండేవాడు, 1847 లో, అంటే మహా కరువు మధ్యలో పుట్టి 1899 లో పోయాడు, ఆయన వాయించింది ఏదీ రికార్డ్ అవలేదు, అయ్యే కాలం కాదు. కానీ గిల్బర్ట్ చెవిలో ఆ ట్యూన్లు ఉన్నాయి, గిల్బర్ట్ నుంచి కొడుక్కి వచ్చాయి. విల్లీకి తండ్రి అంత చెప్పినా అసలు పైప్స్ ని దగ్గరగా విన్నది కుర్రాడయ్యాకే, 1930ల్లో జానీ డోరన్ వచ్చినప్పుడు. డోరన్ సంచార జాతి మనిషి, గుర్రబ్బండిలో కాపురం, సంతల్లో గుర్రప్పందాల్లో నిలబడి వాయించేవాడు, అవును కూర్చుని వాయించాల్సిన దాన్ని పెట్టె మీద కాలు పెట్టి నిలబడి వాయించేవాడు, జనంలో కనపడాలి కదా. విల్లీ ఆయన వెనకాల పడ్డాడు. తర్వాత డబ్లిన్ లో లియో రౌసమ్ దగ్గర పాఠం, లండన్ లో పని, 1957 లో తండ్రి పోయాక తిరిగి ఊరికి. అక్కణ్ణించి ఆయన ఇల్లు సత్రం. దేశదేశాల నుంచి కుర్రాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు. 1973 జనవరిలో ఆయన పోతే ఆ ఏడాది వేసవిలోనే స్నేహితులు ఆయన పేరుతో స్కూల్ మొదలెట్టారు, అదే ఇప్పటికీ నడుస్తోంది.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తే, ఆ గుడ్డి పైపర్ నుంచి మనకీ మధ్య ఎంతమంది ఉన్నారు? గ్యారెట్ బ్యారీని విన్నది గిల్బర్ట్, గిల్బర్ట్ ని విన్నది విల్లీ, విల్లీ ఇంట్లో కూర్చున్న కుర్రాళ్ళు ఇప్పుడు డెబ్బైల్లో ఎనభైల్లో ఉన్నారు, మిల్‌టౌన్ లో టీ తాగుతున్నది వాళ్ళే. ఆ గౌరవం బిరుదుకి కాదండీ, ఆ చెవికి. జానీ డోరన్ విషయం ఇంకా దారుణం. 1947 లో ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ (జానపద పాటలూ కథలూ సేకరించే సంస్థ) వాళ్ళు డబ్లిన్ లో ఆయన్ని కూర్చోబెట్టి కొన్ని డిస్కుల మీద రికార్డ్ చేశారు, తర్వాత కొన్ని నెలలకే గాలివానకి గోడ కూలి ఆయన బండి మీద పడింది, నడుం విరిగింది, 1950 లో పోయాడు. ఆ కాస్త రికార్డింగ్ తప్ప ఆయన వాయిద్యం ఇంకేమీ మిగల్లేదు. ఇవ్వాళ పైప్స్ నేర్చుకునే ప్రతివాడూ ఆ కొన్ని నిమిషాలే తిప్పి తిప్పి వింటాడు.

ప్రశ్న: అక్కడ పెద్దాయన ఎవరైనా వాయిస్తుంటే ఫోన్లో రికార్డ్ చేసుకోవచ్చా? అందరూ చేస్తున్నారు కదా. - కోర్క్ నుంచి

జవాబు: అడిగి చేసుకోండి. నేర్చుకోవడానికి ఒక ట్యూన్ రికార్డ్ చేసుకుంటా అంటే చాలామంది సరే అంటారు, కొంతమంది అయితే మీ కోసం నెమ్మదిగా ఇంకోసారి వాయిస్తారు. నెట్ లో పెట్టడం వేరే విషయం, దానికి విడిగా అడగాలి, ఆ రాత్రి ఆయనకి వేళ్ళు సరిగ్గా కదలకపోయి ఉండొచ్చు, ఎనభై ఏళ్ళ మనిషి చలిలో వాయించింది ప్రపంచమంతా చూడాలని మీరెందుకు నిర్ణయించాలి. వీడియో కోసం మొహం మీద లైటు వేసేవాళ్ళ గురించి నేనేమీ రాయను, ఎడిటర్ గారు ఎలాగూ కొట్టేస్తారు.

అసలు ఈ సంగీతంలో రికార్డ్ చెయ్యడం ఎలా ఉండాలో తెలుసుకోవాలంటే షేమస్ ఎన్నిస్ ని చూడండి (1919-1982). ఆయనా పైపరే. 1942 నుంచి 47 దాకా ఫోక్‌లోర్ కమిషన్ కోసం సైకిలేసుకుని పడమటి ఊళ్ళన్నీ తిరిగి పాటలు ట్యూన్లు సేకరించాడు, చాలావరకు చేతిలో కాగితం పెన్సిలే, వింటూ స్వరాలు రాసేసుకునేవాడు. కనెమారాలో కోలమ్ ఓ కీన్ అని ఒక రైతు, చేపలు కూడా పట్టేవాడు, ఆయన ఒక్కడి దగ్గరే రెండు వందలకి పైగా పాటలూ అవీ దొరికాయి. ఒక్క పూటలో కాదు, ఏళ్ళ తరబడి వెళ్తూ వస్తూ, ఆయన పొలం పనుల్లో చెయ్యేస్తూ, ఆయన వీలు చూసుకుని. ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యారు. ఇప్పుడు మన జేబులో ఫోన్ ఉంది, రెండు నిమిషాల పని అయిపోయింది, ఆ రెండు నిమిషాలే మిగిలితే మనకే నష్టం.

ప్రశ్న: మేం మందు తాగం. అమ్మ కూడా ఇక్కడికి వచ్చింది. పబ్ కి తీసుకెళ్తే బాగుంటుందా? - గాల్వే నుంచి ఒక పాఠకురాలు

జవాబు: నిక్షేపంగా తీసుకెళ్ళండి. టీ అడగండి, ఇస్తారు, పెద్ద సంగీతకారుల్లోనే ముట్టనివాళ్ళు బోలెడుమంది. ఆవిడ చీర కట్టుకుని మూల కూర్చుంటే ఆ రాత్రి అందరికంటే ఎక్కువ మర్యాద ఆవిడకే దక్కుతుంది, రాసిపెట్టుకోండి. పిల్లలుంటే మాత్రం రాత్రి 9 దాటాక బార్ లో ఉంచకూడదు, మే నుంచి సెప్టెంబర్ దాకా 10 గంటలు. ఎవరైనా పాట ఎత్తుకుంటే మాటలు ఆపెయ్యమని అమ్మకి ముందే చెప్పండి, ట్యూన్లు నడిచేటప్పుడు గుసగుసలు నడుస్తాయి గానీ పాటకి నిశ్శబ్దం.

ప్రశ్న: అన్నీ తాతల కథలే చెప్తున్నారు. అమ్మమ్మలు లేరా? - గుంటూరు

జవాబు: ఉన్నారమ్మా, బాగా తగిలించారు. క్లేర్ లోనే కిల్‌రష్ అనే ఊళ్ళో ఎలిజబెత్ క్రాటీ (1885-1960) అని కాన్సర్టీనా ఆవిడ, భర్తతో కలిసి పబ్ నడిపేది, ఊరంతా మిసెస్ క్రాటీ అనేవాళ్ళు, చూశారా పేరు పెట్టి పిలిచే ఊళ్ళో కూడా ఒకావిడకి మిసెస్ దక్కింది. ఆ పబ్ ఇప్పటికీ ఆవిడ పేరుతోనే ఉంది.

నాకు మరీ ఇష్టమైన ఆవిడ జూలియా క్లిఫర్డ్ (1914-1997). కెర్రీ, కోర్క్ సరిహద్దులో శ్లీవ్ లూక్రా అనే కొండ ప్రాంతం, అక్కడ పోల్కాలు, స్లైడ్లు అనే డాన్సు ట్యూన్లు ఎక్కువ. ఆవిడా, ఆవిడ తమ్ముడు కాదు సారీ అన్న డెనిస్ మర్ఫీ, ఇద్దరూ పాడ్రిగ్ ఓ'కీఫ్ శిష్యులు. ఈ ఓ'కీఫ్ (1887-1963) బడిపంతులు ఉద్యోగం పోగొట్టుకుని జీవితాంతం కొండదారుల్లో ఇంటింటికీ నడుస్తూ ఫిడిల్ పాఠాలు చెప్పినాయన. స్వరాలు రాసే పద్ధతి సొంతంగా పెట్టుకున్నాడు, గీతల మధ్య ఖాళీల్ని నాలుగు తీగలనుకుని అందులో ఏ వేలో అంకె వేసేవాడు, 0 అంటే ఖాళీ తీగ. ఆయన పోయాక ఆ కాగితాలు పిల్లలు దాచుకున్నారు, ఇప్పటికీ ఉన్నాయి. జూలియా పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు లండన్ లో ఉంది, పని చేసుకునేది, సాయంత్రాలు ఫిడిల్. అన్నాచెల్లెళ్ళు జంటగా వాయించింది వినండి, ఒకరు పైన ఒకరు కింద స్థాయిలో, ఒక్క మనిషే రెండు ఫిడిళ్ళు పట్టుకున్నట్టుంటుంది.

ప్రశ్న: నాకు అన్ని ట్యూన్లూ ఒకేలా వినిపిస్తున్నాయి. లోపం నాదా? - వరంగల్

జవాబు: ఎవరి లోపమూ కాదు. కాలితో తాళం వెయ్యండి, ఒకటి రెండు మూడు ఒకటి రెండు మూడు అని నడిస్తే జిగ్, నాలుగు నాలుగుగా పరిగెడితే రీల్. ముందు ఈ రెండూ విడిపోతే చాలు. ఎనిమిది బార్లు ఒక భాగం, అది రెండుసార్లు, తర్వాత రెండో భాగం రెండుసార్లు, మళ్ళీ మొదటికి. ఓ నెల రోజులు ఒక్క ముసలాయన్నే వినండి, పది మందిని కలిపి వినకండి.

ప్రశ్న: పోయిన ఏడాది ఒక పెద్దాయన దగ్గరికి ఎంతో ఆశగా వెళ్ళి మాట్లాడితే ఆయన నా మొహం కూడా చూడలేదు, అటు తిరిగి కూర్చున్నారు. రంగు చూసి అలా చేశారేమోనని ఇప్పటికీ బాధగా ఉంది. - పేరు రాయొద్దన్నారు, డబ్లిన్

జవాబు: మీ బాధ చిన్నదని నేననను, అలాంటివి జరగవు అని కూడా అనను, బయట దేశంలో ఉన్న మనందరికీ ఆ అనుమానం ఎక్కణ్ణించి వస్తుందో తెలుసు. కానీ మీ ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది, ఆయన ఎడమవైపు నించుని మాట్లాడానని. ఎడమ భుజం మీద, చెవి కిందే ఫిడిల్ పెట్టుకుని అరవై డెబ్బై ఏళ్ళు వాయించినవాళ్ళకి ఆ చెవే ముందు పోవడం మామూలే, దానికి తోడు పబ్ గోల. చెవి మిషన్ పెట్టుకుంటే ఫిడిల్ గీరుకుపోయినట్టు వినిపిస్తుందని వాయించేటప్పుడు తీసేసేవాళ్ళు నాకు తెలుసు. ఆయన మనసులో ఏముందో మీకూ నాకూ తెలీదు. ఈసారి కుడివైపు నుంచి వెళ్ళండి, ఎదురుగా కూర్చుని, ఆయన మీ పెదాలు చూసేలా నెమ్మదిగా. అప్పుడూ అటే తిరిగితే ఆయన్ని వదిలెయ్యండి, ఆ వారం ఆ ఊళ్ళో పెద్దవాళ్ళకి కొదవా.

ఇంకోటి కూడా ఉంది, కొంతమంది నిజంగానే బిడియస్తులు. అందరూ క్లేర్ లోనే డూలిన్ అనే ఊరి మికో రస్సెల్ లా ఉండరు కదా. ఆయన (1915-1994) టిన్ విజిల్ (రేకు పిల్లనగ్రోవి) వాయించే చిన్న రైతు, 60ల్లో 70ల్లో యూరప్ కుర్రాళ్ళంతా వీపున బ్యాగులేసుకుని డూలిన్ కి వచ్చి పడితే ప్రతివాడితోనూ మాట్లాడేవాడు, ప్రతి ట్యూన్ ముందూ దాని కథ చెప్పేవాడు, తర్వాత వాళ్ళ దేశాలకి వెళ్ళి వాయించి కూడా వచ్చాడు. అలాంటివాళ్ళు ఎప్పుడైనా ఒకరిద్దరే.

ప్రశ్న: నేను హైదరాబాద్ దాటి వెళ్ళే పరిస్థితి లేదు. ఇక్కడ కూర్చుని ఆ పెద్దల్ని ఎలా కలవాలి? - సికింద్రాబాద్

జవాబు: డబ్లిన్ మెరియన్ స్క్వేర్ లో ఐరిష్ ట్రెడిషనల్ మ్యూజిక్ ఆర్కైవ్ ఉంది, 1987 లో పెట్టారు, వాళ్ళ సైట్ లో ఇళ్ళల్లో పబ్బుల్లో రికార్డ్ చేసిన పాత ఆడియోలు, ఫొటోలు ఫ్రీగా వినొచ్చు చూడొచ్చు. పైప్స్ అంటే ఇష్టం పుడితే 1968 లో పైపర్లే పెట్టుకున్న నా పీబరీ ఇలెన్ అనే సంఘం ఉంది, వాళ్ళ దగ్గర పాఠాల వీడియోలు కూడా ఉన్నాయి. వినేటప్పుడు వాయిద్యం మొదలయ్యే ముందు మాటలుంటాయి చూడండి, వాటిని దాటెయ్యకండి. ఈ ట్యూన్ ఫలానా వాళ్ళ దగ్గర నేర్చుకున్నా అని గొణుగుతుంటారు, యాస మొదట అర్థం కాదు, నాలుగుసార్లు వింటే అవుతుంది, ఆ పేరు పట్టుకుని తర్వాత ఆయన రికార్డింగ్ వెతకండి, ఆయన ఇంకొకరి పేరు చెప్తాడు. మీ రాత్రుళ్ళు ఇంక మీవి కావు.

ప్రశ్న: పెద్దాయన కోసం ఇండియా నుంచి ఏం గిఫ్ట్ తేవాలి? శాలువా? - మళ్ళీ లిమరిక్ పాఠకుడే, రెండో ఉత్తరం

జవాబు: శాలువా కప్పితే ఆయన ఏం చెయ్యాలో తెలీక అలాగే కూర్చుండిపోతారు, పైగా జూలైలో. టీ పొడి తెండి, మంచి అస్సాం టీ, పాలు పోసుకుని తాగేవాళ్ళే వాళ్ళంతా. జీడిపప్పు కూడా బాగుంటుంది, పళ్ళు ఎలా ఉన్నాయో చూసుకుని. ఆవకాయ మాత్రం వద్దు, వెళ్ళి మీరే తినండి.